కింద ఫ్లాట్ గ్యాస్ గీజర్ పొగ మా కిటికీలోకి వస్తోంది, ఏం చేయాలి?

ప్రశ్న: మాది కూకట్‌పల్లిలో సొంత ఫ్లాట్, మూడో ఫ్లోర్. కింద వాళ్లు గ్యాస్ గీజర్ పెట్టించి పొగ గొట్టం డక్ట్‌లోకి తీశారు, సరిగ్గా మా బాత్రూమ్ కిటికీకి అడుగున్నర కింద. పొద్దున వాళ్ల స్నానాల టైమ్‌కి మా అత్తయ్యకి తలనొప్పి, కళ్లు తిరుగుతున్నాయి. అడిగితే "మా ఫ్లాట్, మా గీజర్" అంటున్నారు. డల్లాస్‌లో ఉన్న మా తమ్ముడు అక్కడ నాలుగడుగులు ఉండాలంటున్నాడు. మన చట్టం ఎంత అంటుంది?

జవాబు: కేసు సంగతి తర్వాత మేడమ్, ముందు ఆ టైమ్‌లో కిటికీ మూసేయండి, అత్తయ్యగారిని ఆ బాత్రూమ్‌లోకి పంపొద్దు. ఆ పొగలో ఉండే విషవాయువు కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ వాసనా ఉండవు కాబట్టి "మాకేం వాసన రావట్లేదే" అని వాళ్లనే మాటకి విలువ లేదు. మళ్లీ కళ్లు తిరిగితే వెంటనే బయటి గాలిలోకి తీసుకొచ్చి ఆ పొద్దునే ఆస్పత్రికెళ్లి కార్బాక్సీ హిమోగ్లోబిన్ టెస్ట్ అడగండి, రక్తంలో ఆ వాయువు ఎంత చేరిందో అది చెప్తుంది, గంటలు గడిచేకొద్దీ రక్తంలోంచి పోతుంది, సాయంత్రం వెళ్తే నార్మల్ అని రావొచ్చు. రేపు మీ చేతిలో ఉండే గట్టి సాక్ష్యం ఆ రిపోర్టే.

మీ తమ్ముడు చెప్పింది నిజమే. అమెరికాలో గ్యాస్ పరికరాలు ఎలా బిగించాలో చెప్పే ఎన్‌ఎఫ్‌పీఏ 54 అనే కోడ్ ఉంది, ఫ్యాన్‌తో పొగ బయటికి తోసే గొట్టమైతే తెరుచుకునే కిటికీకి 4 అడుగులు కిందగానీ పక్కకిగానీ, లేదా 1 అడుగు పైనగానీ ఉండాలి. కానీ మన కోర్టులో అది చట్టం కాదు. ఇక్కడ అడుగుల నంబర్ వెతుక్కుంటూ కూర్చోకుండా ఆ మోడల్ గీజర్ మాన్యువల్ సంపాదించండి, కంపెనీయే ఎలా బిగించాలో రాసిచ్చాక "మాకు తెలీదు" అనడం కష్టం. చిన్న గీజర్లు కొన్నింటికి అసలు గొట్టమే రాదు, ప్లంబర్ ఏదో అల్యూమినియం పైపు తగిలించి పోతాడు, అలాగైతే కంపెనీ చెప్పని పని చేశారని చూపించొచ్చు, మీ పని ఇంకా తేలిక.

ఇక డక్ట్ వాళ్ల ఫ్లాట్ కాదండీ, కామన్ ఏరియా, 1987 నాటి అపార్ట్‌మెంట్స్ చట్టం ప్రకారం అందులో మీకూ వాటా ఉంది. ఫోటోలు తీసి, టేపుతో కొలిచి, అసోసియేషన్‌కీ వాళ్లకీ రిజిస్టర్డ్ పోస్ట్‌లో నోటీసు పంపండి, వాట్సాప్ గ్రూప్‌లో గొడవపడితే గొడవే మిగులుతుంది. నోటీసు అందాక కూడా కదలకపోతే తెలిసీ నిర్లక్ష్యం చేసినట్టు, అప్పుడు భారతీయ న్యాయ సంహిత 125 (ఇతరుల ప్రాణాలకి ముప్పు తెచ్చే నిర్లక్ష్యం), 287 (నిప్పు, మండే పదార్థాల విషయంలో నిర్లక్ష్యం) సెక్షన్ల కింద పోలీసులకి ఫిర్యాదు ఇవ్వొచ్చు. స్టేషన్‌లో "సివిల్ మేటర్" అని పంపేసే ఛాన్సే ఎక్కువ, అయినా రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోండి. అసలు పని అయ్యేది సివిల్ కోర్టులో, 1963 నాటి స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 39 కింద గొట్టం తీసేయమని మ్యాండేటరీ ఇంజంక్షన్ దావా వేసి, దాంతోపాటే కేసు తేలేలోపు వర్తించే మధ్యంతర ఉత్తర్వు కోసం పిటిషన్ పెట్టాలి.

కన్జ్యూమర్ కమిషన్‌కి వెళ్లమని ఎవరో ఒకరు చెప్తారు, ఆ గీజర్ మీరు కొనలేదు కాబట్టి అది మీ దారి కాదు. కానీ వాళ్లకి ఆ దారి ఉంది, సర్వీస్ సరిగ్గా చేయని ఇన్‌స్టాలర్ మీద రెండేళ్లలోపు వేసుకోవచ్చు. ఈ ముక్క నోటీసులో మర్యాదగా రాయండి, చాలామంది మీతో పోట్లాడ్డం మానేసి బిగించినవాడిని పిలిపించుకుంటారు.

కింద ఉండేది అద్దెవాళ్లయితే నోటీసు ఓనర్‌కి కూడా వెళ్లాలి, అడ్రస్ అసోసియేషన్ సెక్రటరీ దగ్గర అడగండి.