డ్రిప్ డ్రమ్ములో తెల్ల మడ్డి: ఏ ఎరువులు కలపకూడదో ముందే లెక్క కట్టవచ్చా?

ప్రశ్న: టమాటాకు డ్రిప్ ద్వారా ఇవ్వడానికి 200 లీటర్ల డ్రమ్ములో కాల్షియం నైట్రేట్, మెగ్నీషియం సల్ఫేట్ చెరి 5 కిలోలు కలిపాను. అడుగున తెల్లటి మడ్డి పేరుకుని ఫిల్టరు, డ్రిప్పర్లు మూసుకుపోయాయి. యాసిడ్ పోసినా వదలలేదు. స్వేచ్ఛా శక్తి లెక్క కడితే ఇది ముందే తెలిసేదని డిగ్రీ చదువుతున్న మా అబ్బాయి అంటున్నాడు. నిజమేనా?
– ఒక రైతు, పలమనేరు, చిత్తూరు జిల్లా

జవాబు: మీ అబ్బాయి చెప్పింది నిజమే. మొదటి ఎరువులోని కాల్షియం, రెండో ఎరువులోని సల్ఫేట్ కలిసి జిప్సంగా మారి అడుగుకు దిగాయి. వేరుశనగకు పూత దశలో ఎకరాకు 200 కిలోల చొప్పున మీరు వేసే జిప్సం, ఈ మడ్డి రసాయనికంగా ఒకటే.

ఏ చర్య అయినా దానంతట అది జరగాలంటే గిబ్స్ స్వేచ్ఛా శక్తి (పని చేయడానికి అందుబాటులో ఉండే శక్తి, మీ అబ్బాయి చెప్పింది దీని గురించే) తగ్గాలి, అంటే ఆ మార్పు విలువ ఋణాత్మకంగా రావాలి. అవక్షేపం (అడుగుకు దిగే మడ్డి) విషయంలో దీనికి రెండు అంకెలు కావాలి: నీటిలో ప్రస్తుతం ఉన్న అయాన్ల (ఎరువు కరిగాక విడిపోయే విద్యుదావేశ కణాల) గాఢతల లబ్ధం, ఆ లవణపు ద్రావణీయతా లబ్ధం (మడ్డి దిగకుండా నీరు నిలుపుకోగల గరిష్ఠ లబ్ధం). రెండోదాన్ని మొదటిదానితో భాగించి, వచ్చినదాని సహజ సంవర్గమానాన్ని వాయు స్థిరాంకం 8.314తోను, కెల్విన్‌లలోని ఉష్ణోగ్రతతోను గుణించాలి. 25 డిగ్రీల సెల్సియస్ వద్ద ఈ గుణకం మోలుకు (కణాల సంఖ్యను కొలిచే ప్రమాణం) సుమారు 2.48 కిలోజౌల్‌లు.

ఇప్పుడు మీ డ్రమ్మునే తీసుకుందాం. ఎరువుగా అమ్మే కాల్షియం నైట్రేట్‌లో కాల్షియం దాదాపు 19 శాతం కాబట్టి, లీటరుకు 0.12 మోల్‌ల కాల్షియం, 0.10 మోల్‌ల సల్ఫేట్ చేరాయి. వాటి లబ్ధం 0.012, జిప్సం ద్రావణీయతా లబ్ధం సుమారు 0.000031 మాత్రమే. లెక్క పూర్తిచేస్తే మైనస్ 14.8 కిలోజౌల్‌లు వస్తుంది. ఇంత చిక్కటి ద్రావణంలో అయాన్లు ఒకదాన్నొకటి నిలువరిస్తాయి కనుక అసలు విలువ సున్నాకు ఇంతకంటే బాగా దగ్గరగా ఉంటుంది, అయినా ఋణగుర్తు మారదు. నా అంచనాలో మీ డ్రమ్ములో రెండు కిలోలకు పైనే జిప్సం దిగి ఉంటుంది. కాయ అడుగు కుళ్లకుండా మీరు కొన్న కాల్షియంలో అధిక భాగం మొక్కకు చేరనే లేదు.

అదే డ్రమ్ము మందు 20,000 లీటర్ల పారకపు నీటిలో కలిసిందనుకోండి. రెండు గాఢతలూ నూరు రెట్లు తగ్గడంతో లబ్ధం పదివేల రెట్లు పడిపోతుంది, జవాబు ప్లస్ 8.1 కిలోజౌల్‌లకు మారుతుంది, జిప్సం ఏర్పడదు. బోరు నీటిలో ముందే ఉన్న కాల్షియం, సల్ఫేట్‌లను కూడా ఈ లెక్కలో చేర్చాలి, అందుకే నీటి పరీక్ష చేయించమని కోరుతున్నాను. ఈ రెండు ఎరువులనూ వేర్వేరు డ్రమ్ముల్లో కరిగించి, ఒకటి పూర్తిగా వెళ్లి పైపులు మంచినీటితో కడిగాక రెండోది వదలండి. 12-61-0 (మోనో అమోనియం ఫాస్ఫేట్ అనే ఫాస్ఫేట్ ఎరువు) విషయంలో ఇంకా జాగ్రత్త అవసరం. కాల్షియంతో కలిసి ఏర్పడే డైకాల్షియం ఫాస్ఫేట్ ద్రావణీయతా లబ్ధం జిప్సం విలువలో సుమారు నూరో వంతే కనుక, కాల్షియం నైట్రేట్ ఇచ్చిన రోజు దాన్ని అసలు ఇవ్వవద్దు.

ఋణగుర్తు మడ్డి దిగుతుందని చెబుతుంది గానీ ఎంతసేపటికో చెప్పదు. కలిపిన వెంటనే తేటగా కనిపించిన ద్రావణం కూడా పైపుల్లో నిలిచాక స్ఫటికాలు కట్టవచ్చు. కాబట్టి కొత్త ఎరువులు ఏవి కలపదలచినా, ముందుగా లీటరు సీసాలో అదే నిష్పత్తిలో (మీ మోతాదుకు చెరి 25 గ్రాములు) కలిపి రాత్రంతా ఉంచి చూడండి.

ఇక యాసిడ్ సంగతి. సున్నపు పొర అంటే కాల్షియం కార్బొనేట్ అయితే, యాసిడ్ కార్బొనేట్‌ను వాయువుగా వెళ్లగొట్టి అయాన్ల లబ్ధాన్ని తగ్గిస్తుంది, అందువల్ల పొర పొంగుతూ కరుగుతుంది. సల్ఫేట్‌ను యాసిడ్ అలా తొలగించలేదు. మడ్డి మీద ఒక చుక్క వేసినప్పుడు బుడగలు రాకపోతే యాసిడ్‌కు డబ్బు పెట్టకండి. కిలో జిప్సం కరగడానికి సుమారు 400 లీటర్ల నీరు పడుతుంది కనుక, ముందు డ్రమ్ములోని మడ్డిని చేత్తోనే ఎత్తి పొలంలో చల్లండి. తరువాత ఫిల్టరు కడిగి, లేటరల్ పైపుల చివరి మూతలు తీసి, నీరు తేటగా వచ్చేదాకా వదలండి. విప్పదగిన డ్రిప్పర్లను రాత్రంతా మంచినీటిలో నానబెట్టి తిరిగి బిగించండి. అప్పటికీ చుక్క పడని వాటిని మార్చుకోండి.