బీరువాలో పాత చందమామలు ఉంటే చేతిలో డబ్బున్నట్టు కాదు

ప్రశ్న: నాకు 41 ఏళ్లు. విజయవాడలో ఉంటాం. రెండేళ్ల క్రితం ఉద్యోగం మానేసి పాత కామిక్స్, పిల్లల పత్రికలు కొని అమ్ముతున్నాను. ఇంద్రజాల్ కామిక్స్, అమర్ చిత్ర కథ, పాత చందమామలు ఎక్కువ. నెలకు 35–40 పుస్తకాలు పోతాయి, సుమారు 45,000 రూపాయలు వస్తాయి. కొత్త సరుకుకి 15,000, గది అద్దె, ప్యాకింగ్, కొరియర్‌కి 8,000 పోగా 22,000 మిగులుతుంది. నా భార్యకు ప్రైవేటు స్కూల్లో 24,000 జీతం. ఇద్దరు పిల్లలు. ఇంటి ఖర్చు 42,000. బ్యాంకులో 60,000 ఉంది. 12 లక్షల విలువైన స్టాకు, అంటే 1,400 పుస్తకాలు ఉన్నాయి కాబట్టి వేరే పొదుపు చేయలేదు. ఇప్పుడు ఏలూరులో ఒక కుటుంబం 900 పుస్తకాలు మొత్తం కలిపి 5.5 లక్షలకు ఇస్తామంటోంది. బంగారం మీద 3 లక్షలు, తెలిసినవాళ్ల దగ్గర నూటికి రెండు రూపాయల వడ్డీకి 2.5 లక్షలు తీసుకుందామనుకుంటున్నాను. ఆరు నెలల్లో అమ్మేస్తే 3 లక్షలు లాభం. ఆ డబ్బు ఏ మ్యూచువల్ ఫండ్‌లో పెట్టాలి?

జవాబు: మీరు ఫండ్ గురించి అడిగారు. దాని గురించి ఇప్పుడు మాట్లాడను. ఇలాంటి ఉత్తరాలు నాకు తరచూ వస్తుంటాయి. ఒకరు పాత నాణేలంటారు, ఒకరు గ్రామఫోన్ రికార్డులంటారు, ఇంకొకరు చీరల స్టాకంటారు. వస్తువు మారినా మాట మాత్రం అదే: ‘సరుకుంది కదా, అవసరమైతే అమ్ముకుంటాం.’ మీ 12 లక్షలు కూడా ఆ మాటలోంచి పుట్టినవే. అవి మీరు పుస్తకాల మీద వేసుకున్న ధరలు. ఎవరూ మీ చేతిలో పెట్టిన డబ్బు కాదు.

మీ లెక్కలే తీసుకుందాం. నెలకు 38 పుస్తకాలు అమ్ముతున్నారు. ఏలూరు నుంచి వచ్చే 900 పుస్తకాలు ఆ వేగంతో పోవాలంటే దాదాపు 24 నెలలు పడుతుంది. అదీ మీ గదిలో ఉన్న 1,400 పుస్తకాల్లో ఒక్కటీ అమ్మకుండా ఉంటేనే. ఆరు నెలలని ఏ ఆధారంతో రాశారో ఉత్తరంలో లేదు. రెండేళ్లుగా మీ అమ్మకం పెరిగిందనీ లేదు. బంగారం లోన్ 11 శాతం అనుకుంటే నెలకు 2,750, చేతి అప్పు మీద 5,000, మొత్తం నెలకు 7,750 వడ్డీ. 24 నెలలకు 1,86,000. మీరు చెప్పిన 3 లక్షల లాభంలో 1,14,000 మిగులుతుంది, అంటే నెలకు 4,750. ఆ 4,750 కోసం మీ శ్రీమతి నగలు రెండేళ్లు బ్యాంకు లాకర్లో, మీ మాట ఇంకొకరి ప్రామిసరీ నోటులో ఉండాలి.

మీరు పంపిన నాలుగు ఫొటోలు పెద్దవి చేసి చూశాను. ఇంద్రజాల్ పుస్తకం ఒకటి మధ్య పేజీల దగ్గర తెరిచి ఉంది. రెండు పిన్నులూ తుప్పు పట్టాయి. వాటి చుట్టూ కాగితం రూపాయి బిళ్లంత మేర గోధుమరంగుకి తిరిగింది. పక్కన చిరిగిన చోట సెల్లోటేపు అంటించారు. అది పసుపు పచ్చగా మారి బొమ్మకి అతుక్కుపోయింది. ఇంకో ఫొటోలో చందమామలు ఏడాదికొక బైండుగా ఉన్నాయి. మన ఇళ్లలో ప్రేమగా చేయించిన బైండ్లే అవి. కానీ బైండరు అంచులు కోసేశాడు, పన్నెండు సంచికల ముఖచిత్రాల్లో ఎన్ని మిగిలాయో లోపల తిప్పి చూస్తే కానీ తెలియదు. చందమామ చిత్రకారులు వపా (వడ్డాది పాపయ్య), శంకర్ బొమ్మల కోసం డబ్బు పెట్టేవాళ్లు ముందు అడిగేది ముఖచిత్రం ఉందా అని. ఇవన్నీ మీకు నాకంటే బాగా తెలుసు. అయినా 900 పుస్తకాలకీ ఒకే సగటు ధర కట్టి లాభం లెక్క వేశారు. ఇలాంటి లాటులో చకచకా పోయేవి కొన్నే, మిగతావి ఏళ్ల తరబడి ఉండిపోతాయి. అప్పు వడ్డీ మాత్రం అన్నిటి మీదా పడుతుంది.

మీ వ్యాపారంలో ఇంకో చిక్కు, ధరకి ఆధారం. అమెరికాలో కామిక్స్‌కి 1970 నుంచి ఓవర్‌స్ట్రీట్ ధరల పుస్తకం ఉంది. 2000 నుంచి సీజీసీ లాంటి సంస్థ పుస్తకాన్ని పరిశీలించి, పదికి ఇంత అని గ్రేడు వేసి, ప్లాస్టిక్ పెట్టెలో సీలు చేసి ఇస్తోంది. అంత ఏర్పాటు ఉన్నచోటే జనం దెబ్బతిన్నారు. 1992 నవంబరులో సూపర్‌మ్యాన్ చనిపోయే సంచిక వచ్చినప్పుడు, రేపు బంగారమవుతుందని ఒక్కొక్కరు నాలుగైదు కాపీలు కొని కవరు విప్పకుండా దాచారు. అందరూ దాచారు కాబట్టి ఇవాళ్టికీ అది సులువుగా, చవగ్గా దొరుకుతుంది. ఆ తర్వాత నాలుగైదేళ్లలో అక్కడ వేల కామిక్స్ షాపులు మూతపడ్డాయి. మన పుస్తకాలకి అందరూ ఒప్పుకునే ధరల పుస్తకమే లేదు. వాట్సాప్ గ్రూపులో ఎవరో పెట్టిన రేటు చూసి మనం మన రేటు పెడతాం. ఆయన ఆ రేటుకి నిజంగా అమ్మాడో లేదో మనకు కనిపించదు.

కొనేవాళ్ల వయసు కూడా చూసుకోండి. ఇంద్రజాల్ 1964లో మొదలై 1990లో ఆగిపోయింది. చందమామ 1947 జులైలో మొదలై 2013 దాకా నడిచింది. నెల మొదట్లో పోస్ట్‌మ్యాన్ కోసం గుమ్మంలో నిలబడిన పిల్లల్లో నేనూ ఒకణ్ణి, ఆ కాగితం వాసన మీద ప్రేమ నాకు అర్థమవుతుంది. కానీ ఇవాళ వేలు పెట్టి కొంటున్నది ఎక్కువగా ఆ పిల్లలే, ఇప్పుడు యాభై, అరవై దాటినవాళ్లు. చదువుకోవడానికైతే స్కాన్ కాపీలు నెట్‌లో ఉచితంగా దొరుకుతున్నాయి. వాళ్ల తర్వాత వచ్చే కొనుగోలుదారు ఎవరన్నది తేలకుండా రెండేళ్ల అప్పుతో స్టాకు పెంచడం నాకు మింగుడు పడడం లేదు.

ఇక నన్ను బాగా టెన్షన్ పెట్టిన విషయాలు మీరు ఉత్తరం చివర, పైన అచ్చు వేయని రెండు వాక్యాల్లో రాసి వదిలేశారు. ఒకటి, ఉద్యోగం మానేసినప్పుడు కంపెనీ హెల్త్ పాలసీ పోయింది, కొత్తది తీసుకోలేదు, మీకు బీపీ ఉంది. రెండు, 2024 సెప్టెంబరులో బుడమేరు నీళ్లు వచ్చినప్పుడు సింగ్‌నగర్‌లోని మీ గదిలో రెండు అట్టపెట్టెల పుస్తకాలు తడిసి ముద్దయ్యాయి, మిగతావి పైన ఉండబట్టి దక్కాయి. అదే గది, అదే గ్రౌండ్ ఫ్లోర్. ఇప్పుడు అక్కడికే అప్పు తెచ్చి మరో 900 పుస్తకాలు చేర్చబోతున్నారు!

బ్యాంకులో ఉన్న 60,000 మీ ఇంటికి నెలన్నర కూడా రావు. రేపు ఇంట్లో ఎవరికో ఆపరేషన్ అంటే మూడు రోజుల్లో రెండు లక్షలు కట్టాలి. అప్పుడు మీ 12 లక్షల స్టాకుని ఎవరు కొంటారు? ఒక్కో పుస్తకానికీ ఫొటో తీసి, గ్రూపులో పెట్టి, బేరమాడి, కొరియర్ చేసి అమ్మే తీరిక ఉండదు. ఇంకో డీలరుకే టోకున ఇవ్వాలి. అతనూ మీలాగే తన లాభం చూసుకుని, మీరు తొందరలో ఉన్నారని తెలిసి ధర చెప్తాడు. సగం వస్తే అదృష్టం. ఆ రోజు మీ ఇంట్లో గంటలో డబ్బయ్యే వస్తువు ఒక్కటే, బంగారం. దాన్నే ఇప్పుడు తాకట్టు పెడతానంటున్నారు. చేతి అప్పు సంగతైతే మాట్లాడాలన్నా నాకు కోపం వస్తోంది. నెలకి రెండు రూపాయలంటే ఏడాదికి 24 శాతం. పాత పుస్తకాల ధరలు అంత వేగంగా పెరగవు. అప్పిచ్చినవాళ్లు తెలిసినవాళ్లు కాబట్టి ఒక్క నెల ఆలస్యమైనా ఇంటికొచ్చి కూర్చుంటారు.

ఈ వారంలో హెల్త్ పాలసీ తీసుకోండి. నలుగురికీ కలిపి 10 లక్షల ఫ్లోటర్, అంటే ఆ మొత్తాన్ని ఇంట్లో ఎవరికి అవసరమైతే వాళ్లకి వాడుకునే పాలసీ. ఉన్న 60,000లోంచే ప్రీమియం కట్టండి. సగం దాకా అయిపోయినా సరే. బీపీ దాచకుండా రాయండి. ముందు నుంచీ ఉన్న జబ్బులకి వెయిటింగ్ పీరియడ్, అంటే క్లెయిము ఇవ్వని కాలం, మూడేళ్ల వరకు ఉండొచ్చు, మీరు ఎంత ఆలస్యం చేస్తే ఆ మూడేళ్లు అంత వెనక్కి జరుగుతాయి. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత హెల్త్ పాలసీల మీద జీఎస్టీ కూడా లేదు. మీకేమైనా అయితే ఇంటికి డబ్బొచ్చే టర్మ్ పాలసీ కూడా ఇదే నెలలో తీసుకోండి, వాయిదా వేయొద్దు.

స్టాకుకి చిన్న వ్యాపారాల బీమా, భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష పాలసీ అడగండి. అగ్నిప్రమాదం, వరద అందులోనే ఉంటాయి. దొంగతనానికి విడిగా తీసుకోవాలి. ఇంటి పాలసీ వ్యాపార సరుకుకి పనికిరాదు. ఒక్క జాగ్రత్త: పురాతన, అరుదైన వస్తువులని పేరు పడినవాటిని చాలా పాలసీలు పక్కన పెడతాయి. మీవి అమ్మకానికి పెట్టిన పాత పుస్తకాలనీ, ఎన్ని ఉన్నాయనీ ముందే చెప్పి, కవరేజీ ఉందని పాలసీలో రాయించుకోండి. క్లెయిము వచ్చినప్పుడు మీరు కొన్న ధరకి రుజువు అడుగుతారు, అమ్మాలనుకున్న ధర చూడరు. ఫుట్‌పాత్ మీద కొన్నా తేదీ, డబ్బు, పుస్తకం నంబరు ఒక పుస్తకంలో రాసుకోండి, యూపీఐలో కట్టండి. అట్టపెట్టెలు నేల మీద నుంచి తీసి ఇనుప ర్యాకుల మీద పెట్టండి. వీలైతే గదినే పై అంతస్తుకి మార్చండి.

ఆ తర్వాత అత్యవసర నిధి. మీ ఇంటికి ఆరు నెలల ఖర్చు, అంటే 2.5 లక్షలు. ఆదాయం ఒక నెల ఉన్నట్టు ఇంకో నెల ఉండదు కాబట్టి అంతకంటే తగ్గొద్దు. ఏడాది పాటు కొత్త సరుకు కొనకండి. 1,400 పుస్తకాలు మీ వేగానికి మూడేళ్లు వస్తాయి, షాపు ఖాళీ అవుతుందన్న భయం అక్కర్లేదు. సరుకుకి పెట్టే 15,000 నెలనెలా పక్కన పెడితే ఏడాదికి 1,80,000. ఏడాదిగా కదలని పుస్తకాలు ఏరి, నష్టమైనా సరే టోకున ఇచ్చేసి 50,000 రాబట్టండి. బ్యాంకులో మిగిలిన 30,000 కలిపితే 2,60,000. ఈ డబ్బు మీ వ్యాపార ఖాతాలో ఉండకూడదు. ఇద్దరి పేరా వేరే ఖాతా తెరవండి, మంచి లాటు కనిపించినప్పుడు మీ చెయ్యి అటు వెళ్లకుండా ఉండాలి.

పన్ను సంగతి: ఇది వ్యాపార ఆదాయమే, చిన్న వ్యాపారులకు అమ్మకాల్లో ఇంత శాతం లాభమని లెక్కగట్టే పద్ధతి కింద వేస్తే తేలిక అవుతుందేమో సీఏని అడగండి. ఫండ్లు నిధి నిండాక చూద్దాం.

ఏలూరు వాళ్లకి బయానా ఇచ్చారని ఉత్తరంలో లేదు, ఇవ్వలేదనే అనుకుంటున్నాను. ఈ వారమే ఫోన్ చేసి, ‘మొత్తం కొనలేనండి, మీ తరఫున అమ్మిపెడతాను, అమ్మినదానిలో నాకు పాతిక శాతం ఇవ్వండి’ అని అడగండి. ఒప్పుకుంటే ముప్పై, నలభై పుస్తకాల చొప్పున తెచ్చుకుని, ప్రతి పేజీ తిప్పి చూసి, రశీదు రాసివ్వండి. మొత్తం తీసుకుంటేనే ఇస్తామంటే, నమస్కారం పెట్టి ఊరుకోండి.