చీమల బారు చాలు

ప్రశ్న: మా బాబుకు నాలుగేళ్లు, పాపకు రెండున్నరేళ్లు. ఇద్దరమూ ఉద్యోగాలు చేస్తున్నందువల్ల పిల్లలను ప్రకృతి మధ్యకు తీసుకెళ్లే తీరిక దొరకడం లేదు. ఇంటి పనుల నడుమ ఏమైనా చేయగలమా? – ఒక పాఠకురాలు

జవాబు: తప్పకుండా చేయగలరండీ. ఈ వయసు పిల్లలకు అడవి ఎంతో గడప పక్కన పాకే చీమల బారూ అంతే. దూరం మన లెక్కే గాని వారిది కాదు. చీమలు దారి పొడవునా వదిలే వాసనను పట్టుకుని ఒకదాని వెంట ఒకటి నడుస్తాయి కనుక, కుట్టని రకమని చూసుకుని, ఆ బారుకు అడ్డంగా తడి వేలితో ఒక గీత గీయండి. ముందు వచ్చిన చీమ అక్కడ ఆగి, మీసాలు ఆడిస్తూ అటూ ఇటూ తిరుగుతుంది. కాసేపటికి బారు మళ్లీ కలుస్తుంది. ‘ఎందుకు ఆగింది?’ అని బాబు అడిగితే వెంటనే జవాబు చెప్పేయకుండా, ‘నీకేమనిపిస్తోంది?’ అని అడగండి. పాపకైతే చూడటమే చాలు.

వాన వెలిశాక వానపాము కనిపిస్తే పిల్లలు పట్టుకోబోతారు. అది చర్మంతోనే గాలి పీల్చుకుంటుంది, చర్మం ఆరిపోతే బతకదు. అందుకని చేతులు తడిపించి, ఒక్క నిమిషం పట్టుకోనిచ్చి, తిరిగి తడిమట్టిలోనే వదిలించండి.

బట్టలు ఆరేసేటప్పుడు ఎండలో ఒకటి, నీడలో ఒకటి వేసి, ఏది ముందు ఆరిందో పిల్లలచేతే తాకించి చూపించవచ్చు. తెలియని కాయలు, పుట్టగొడుగులు మాత్రం నోట పెట్టనివ్వకండి. లోపలికి రాగానే సబ్బుతో చేతులు కడిగించండి.