చేతులు జోడిస్తున్నా, మనసులో ఏమీ అనిపించట్లేదు

ప్రశ్న: నమస్తే మేడం, మాది వైజాగ్ ఎంవీపీ కాలనీ. 2025లో ఆర్కే బీచ్‌లో యోగా డే చేశారు కదా, ఆ ఊపులోనే నేనూ క్లాస్‌లో జాయిన్ అయ్యాను. నడుం నొప్పి తగ్గింది, నిద్ర బాగా పడుతోంది. కానీ చివర్లో సర్ "కళ్ళు మూసుకుని మీకున్న వాటన్నిటికీ కృతజ్ఞత చెప్పుకోండి" అంటారు, అప్పుడు నాకేమీ అనిపించదు, పైగా మంచాన పడ్డ అత్తగారి పనంతా నా ఒక్కదాని మీదే పడింది, మరిది వాళ్ళు ఫోన్లో మాట్లాడ్డమే గానీ ఇటు రారు, అదంతా గుర్తొచ్చి కోపం వస్తుంది. నాలోనే ఏదైనా లోపమా?

జవాబు: లోపమేం లేదమ్మా. రోజంతా ఒక మనిషికి చాకిరీ చేసి వచ్చి కళ్ళు మూసుకుంటే, అణిచిపెట్టుకున్నదే ముందు పైకొస్తుంది.

"మీకున్న వాటన్నిటికీ" అంటే మరీ పెద్ద మాట, దానికి మనసు పలకదు. చిన్నది ఒకటి పట్టుకోండి. శవాసనంలో కాలివేళ్ళ నుంచి ఒక్కో భాగం వదులు చేయమంటారు కదా, మీరు ఆ పాదాల దగ్గరే ఆగిపోండి. పొద్దున్నుంచి స్టవ్ ముందు నిలబడింది అవే, అత్తగారిని లేపి కూర్చోబెట్టేటప్పుడు ఇద్దరి బరువూ మోసిందీ అవే. మడమలు చాపకి ఆనినచోట ఆ బరువు దిగిపోవడం గమనించండి, ఊపిరి వదులుతూ "ఇవాళ్టికి చాలా చేశారు" అనుకోండి, అంతే. ఇంకో రోజు చేతులు, ఇంకో రోజు నడుం. మంచం దిగేముందు పెద్దవాళ్ళు చదివే "సముద్రవసనే దేవి" శ్లోకంలోనూ ఉన్నది పాదమూ నేలే కదా, కాలు మోపుతున్నందుకు క్షమించమని భూమిని అడగడమే, మన వైజాగ్‌లో అయితే ఆ సముద్రమూ కొండలూ కళ్ళెదుటే ఉన్నాయి.

యోగసూత్రాల్లో పతంజలి చెప్పిన ఐదు నియమాల్లో శౌచం, అంటే శుభ్రత, దాని తర్వాత రెండోది సంతోషం, అంటే ఉన్నదానితో తృప్తి పడటం. స్నానం లాగే అదీ రోజూ చేసుకోవాల్సిన పని, దానంతటది రాదు.

రాసుకునే అలవాటుంటే ఇంకా మంచిది. 2003లో అచ్చయిన ఒక పరిశోధనలో రాబర్ట్ ఎమన్స్, మైకేల్ మెకల్లో అనే అమెరికా సైకాలజిస్టులు కొందరు స్టూడెంట్స్‌తో వారానికోసారి, 10 వారాలు, కృతజ్ఞత అనిపించినవి ఐదు దాకా రాయించారు, చికాకులు రాసిన వాళ్ళకంటే వీళ్ళకి తమ జీవితం మీద మంచి అభిప్రాయం కలిగింది, ఎక్సర్‌సైజ్ కూడా ఎక్కువ చేశారు. వారానికోసారే సుమా, రోజూ రాయాలని పెట్టుకుని అదో బరువు చేసుకోకండి. రైతుబజార్లో ఆకుకూరలామె తాజా కట్ట ఏరి ఇచ్చిందనుకోండి, అది రాయండి.

ఇక మరిది సంగతి. కృతజ్ఞత పేరు చెప్పి ఆ కోపాన్ని మింగేయొద్దు, అది న్యాయమైన కోపమే, మీరు గట్టిగా చెప్పాల్సిందే. ముందు మీవారితో కూర్చుని మాట్లాడండి, తల్లి వాళ్ళిద్దరికీ తల్లే. నెలకి రెండు ఆదివారాలు వచ్చి దగ్గరుండమని తమ్ముణ్ణి ఆయన్నే అడగమనండి, కుదరదంటే పగటిపూట ఆయాని పెట్టుకుని ఆ జీతంలో సగం పంపమనండి.