వెతికేవారికి మన వెబ్‌సైటు కనబడాలంటే

ఈ సంచికకు అందిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం ఒకే ఇబ్బందికి సంబంధించినవి. చిన్న వ్యాపారానికి ఖర్చు పెట్టి వెబ్‌సైటు చేయించుకున్నవారు, గూగుల్‌లో వెతికితే అది ఎక్కడా కనబడటం లేదని రాశారు. అందువల్ల ఈసారి శీర్షికను పూర్తిగా ఆ విషయానికే కేటాయిస్తున్నాం. ఒకే రకంగా ఉన్న ప్రశ్నలను కలిపి, పొడవైనవాటిని కుదించాం.

ప్రశ్న: మాది పుస్తకాలకు బైండింగు చేసే చిన్న సంస్థ. వెబ్‌సైటు పెట్టి ఆరు నెలలు దాటింది. సంస్థ పేరును అక్షరం పొల్లుపోకుండా టైపు చేసి వెతికినా మా సైటు రావడం లేదు. దాన్ని తయారు చేసిన అతన్ని అడిగితే, పోటీ ఎక్కువగా ఉంది కాబట్టి ఓపిక పట్టమంటున్నాడు. నిజంగా ఓపిక పట్టవలసిందేనా?

జవాబు: మీ సంస్థ పేరు కోసం మీతో పోటీపడేవారు ఎందరుంటారు? సొంత పేరుతో వెతికినా రాని సైటు చాలావరకు సెర్చ్ ఇంజన్ సూచికలోకి ఎక్కనిదే అయి ఉంటుంది. సెర్చ్ ఇంజన్ మనం అడిగిన క్షణాన ప్రపంచంలోని పేజీలన్నింటినీ గాలించదు. దాని తరఫున క్రాలర్ అనే ప్రోగ్రాము ముందుగానే ఒక పేజీలోని లింకులను పట్టుకుని మరో పేజీకి పోతూ, చదివినవాటిలో తగినవాటిని ఇండెక్స్ అనే పెద్ద సూచికలో చేరుస్తుంది. మనకు వచ్చే జవాబులన్నీ ఆ సూచికలోంచి తీసి ఇచ్చేవే. మీ సైటుకు బయటినుంచి ఒక్క లింకు కూడా లేకపోతే క్రాలర్ అక్కడికి వచ్చే దారే ఉండకపోవచ్చు.

ముందుగా ఒక చిన్న పరీక్ష చేయండి. గూగుల్‌లో ఇంగ్లీషులో సైట్ అనే మాట, వెంటనే కోలన్ గుర్తు, ఖాళీ వదలకుండా మీ సైటు చిరునామా టైపు చేసి వెతకండి. ఫలితాలేవీ రాకపోతే నా అనుమానం దాదాపు నిజమే. ఇలాంటి సందర్భాల్లో మొదట చూడవలసినది, పేజీని సూచికలో చేర్చవద్దని సెర్చ్ ఇంజన్‌కు చెప్పే నోఇండెక్స్ అనే సూచన. సైటు తయారవుతున్నప్పుడు సగం పూర్తయిన పేజీలు బయటపడకూడదని దాన్ని పెడతారు, పని ముగిశాక తీసెయ్యడం మరచిపోతారు. వర్డ్‌ప్రెస్‌తో చేసిన సైటైతే సెట్టింగ్సులోని రీడింగ్ విభాగంలో సెర్చ్ ఇంజన్లను రావద్దని చెప్పే గడి ఒకటి ఉంటుంది, అందులో టిక్కు ఉందేమో చూడండి. రెండవది రోబోట్స్ ఫైలు. ఏ పేజీల్లోకి క్రాలర్లు రావచ్చో, వేటిలోకి రాకూడదో చెప్పే ఈ పద్ధతిని 1994లో మార్టైన్ కోస్టర్ ప్రతిపాదించగా, అది 2022లో అధికారిక ప్రమాణంగా వెలువడింది. ఆ ఫైలులో నిషేధాన్ని సూచించే డిసలౌ అనే ఇంగ్లీషు మాట పక్కన ఒక్క ఏటవాలు గీత ఉంటే చాలు, సైటు మొత్తానికి తలుపు మూసినట్టే. ఈ రెండూ కలిసి ఉన్నప్పుడు ఒక చిక్కు వస్తుంది. లోపలికి రానివ్వని పేజీలో నోఇండెక్స్ ఉందో తీసేశారో క్రాలర్ చదవలేదు కాబట్టి ముందు తలుపు తెరవాలి.

ఆ తరువాత గూగుల్ ఉచితంగా ఇచ్చే సెర్చ్ కన్సోల్‌లో మీ సైటును నమోదు చేసి, అది మీదేనని నిరూపించుకోండి. ఒక్కొక్క పేజీ సూచికలో ఉందా, లేకపోతే ఎందుకు లేదు అన్నది అక్కడ తెలుస్తుంది. పేజీల చిరునామాల జాబితా అయిన సైట్‌మ్యాపును కూడా అక్కడే సమర్పించవచ్చు. ఒక్క సైట్‌మ్యాపులో 50,000 చిరునామాల వరకు పెట్టవచ్చు కాబట్టి మీ పది పన్నెండు పేజీలకు చోటు చాలదన్న బెంగ అక్కరలేదు. మరో సెర్చ్ ఇంజన్ అయిన బింగ్‌కు కూడా ఇటువంటి ఉచిత సాధనమే ఉంది. ఈ ఖాతాలన్నీ, వాటితోపాటు సైటు చిరునామాగా నమోదైన డొమైన్ పేరు కూడా, సైటు చేసిపెట్టినవారి పేరుతో కాక మీ పేరుతో ఉండాలి. అతను రేపు ఫోను ఎత్తడం మానేస్తే మీ తాళాలు మీ దగ్గరే ఉండాలి కదా. ఇవన్నీ సరిచేశాక మాత్రం కొన్ని రోజులనుంచి కొన్ని వారాల దాకా ఓపిక పట్టవలసిందే.

ప్రశ్న: పాత కుర్చీలు, బల్లలు బాగుచేసి మెరుగు పెట్టడం నా వృత్తి. నా పేరుతో వెతికితే సైటు వస్తోంది. పని పేరుతో వెతికితే మాత్రం ఎన్ని పేజీలు తిప్పినా రావడం లేదు.

జవాబు: మీరు పంపిన చిరునామాకు వెళ్లి చూశాను. మొదటి పేజీ శీర్షిక స్థానంలో హోమ్ అని మాత్రమే ఉంది. లోపల మీరు చేసే పనుల జాబితా అంతా ఒక అందమైన బొమ్మలో అక్షరాలుగా చెక్కి ఉంది. విడిగా ఉన్న వాక్యాలు రెండే, అవి కూడా "నాణ్యతే మా ఊపిరి" వంటివి. ఈ పేజీ చదివిన యంత్రానికే కాదు, కొత్తగా వచ్చిన మనిషికి కూడా మీరు కుర్చీలు బాగుచేస్తారని వెంటనే తెలియదు. బొమ్మలో ఉన్న మాటలను మామూలు పాఠ్యంగా రాయండి. ప్రతి ఫొటోకు, అందులో ఏముందో చెప్పే ఒక వాక్యాన్ని ఆల్ట్ టెక్స్ట్‌గా జత చేయండి. చూపు లేనివారికి స్క్రీన్ రీడరు చదివి వినిపించేది ఆ వాక్యాన్నే కనుక, దాన్ని వారిని తలచుకుని రాస్తే సెర్చ్ ఇంజనుకు కూడా సరిపోతుంది.

ఏ మాటలు రాయాలన్నది అసలు కీలకం. మీ సైటులో ఒకచోట "దారు ఉపకరణాల పునరుద్ధరణ సేవలు" అని ఉంది. ఆ మాటలు టైపు చేసి వెతికేవారెవరు? మీకు ఫోను చేసినవారు మొదట ఏమంటారో ఒక నెలపాటు కాగితం మీద రాసుకోండి. "కుర్చీ కాలు ఊగుతోంది", "బల్ల మీద వేడి గిన్నె పెడితే తెల్లటి మచ్చ పడింది", "అల్లిక తెగిపోయింది" వంటి వాక్యాలు వస్తాయి. వెతికేవారు కూడా దాదాపు ఆ మాటలతోనే వెతుకుతారు. ఊగే కాళ్ల సంగతికి ఒక పేజీ, మచ్చలకు ఒక పేజీ, అల్లికకు ఒక పేజీ పెట్టి, ప్రతిదానికీ దాని విషయమే చెప్పే శీర్షిక ఇవ్వండి. ఆ పని ఎలా చేస్తారు, ఎన్నాళ్లు పడుతుంది, ఏది బాగుచేయడం వృథా అన్నవి నిజాయితీగా రాయండి. పనికిరాదని చెప్పగలిగినవారినే చదివేవారు నమ్ముతారు. వెతుకులాట ఫలితాల్లో శీర్షిక కింద కనబడే చిన్న వివరణను గూగుల్ ర్యాంకుకు లెక్కించదు, అయినా నొక్కాలా వద్దా అని మనిషి నిర్ణయించుకునేది చాలాసార్లు దాన్ని చదివే కనుక దాన్నీ శ్రద్ధగా రాయండి.

కొన్ని వారాల తరువాత సెర్చ్ కన్సోల్‌లో ఏ మాటలకు మీ పేజీలు కనబడ్డాయో, వాటిలో ఎన్నింటిని నొక్కారో చూడండి. 16 నెలల వరకు ఈ లెక్కలు నిలవ ఉంటాయి. మీరు ఊహించని ప్రశ్న ఏదైనా అక్కడ కనబడితే తరువాతి పేజీ దాని మీదే రాయండి.

ప్రశ్న: వెయ్యి లింకులు కట్టి, నెల రోజుల్లో మొదటి స్థానానికి తెస్తామని, తేలేకపోతే డబ్బు వాపసు ఇస్తామని ఒక సంస్థ రాసింది. ఒప్పుకోవచ్చునా?

జవాబు: ఒప్పుకోవద్దు. మొదటి స్థానానికి ఎవరూ హామీ ఇవ్వలేరని గూగుల్ తానే స్పష్టంగా చెబుతోంది. ఇలాంటి ఉత్తరాలు నాకూ వస్తుంటాయి. నా సైటు స్థితి చూసి ఎంతో బాధపడ్డామని రాసేవారు, అది దేని గురించిన సైటో మాత్రం ఎక్కడా రాయరు.

లింకులకు ఈ గిరాకీ ఎందుకు వచ్చిందో తెలిస్తే ప్రమాదం కూడా అర్థమవుతుంది. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో పరిశోధన చేస్తున్న లారీ పేజ్, సెర్గీ బ్రిన్ 1998లో గూగుల్‌ను స్థాపించినప్పుడు, దానికి ఆధారమైన పేజ్‌ర్యాంక్ పద్ధతి ప్రతి లింకునూ ఒక సిఫారసుగా లెక్కించింది. నలుగురూ సిఫారసు చేసిన పేజీ నుంచి వచ్చే లింకుకు విలువ మరింత ఎక్కువ. సిఫారసుకు విలువ ఉందని తెలియగానే దాన్ని అమ్మేవారు పుట్టుకొచ్చారు. 2012 ఏప్రిల్‌లో గూగుల్ పెంగ్విన్ అనే మార్పు తెచ్చినప్పుడు, కొన్న లింకులతో పైకెక్కిన సైట్లు ఎన్నో ఒక్కసారిగా కిందికి జారాయి. ఈ రోజు అటువంటి లింకులను చాలావరకు లెక్కలోకే తీసుకోరు, అంటే మీ డబ్బు వృథా. అంతకు మించితే గూగుల్ ఉద్యోగులే పరిశీలించి సైటు మీద చర్య తీసుకోవచ్చు. అప్పుడు ఆ లింకులను ఒక్కొక్కటిగా తీయించి మళ్లీ దరఖాస్తు పెట్టుకోవలసినది మీరే, అమ్మినవారు కాదు.

న్యాయంగా వచ్చే లింకులు మీ చుట్టూనే ఉంటాయి. మీకు సరుకు పంపేవారు, మీరు సభ్యులుగా ఉన్న వృత్తి సంఘం, మీ పని గురించి ఎక్కడైనా రాసిన ఖాతాదారు, మీరు శిక్షణ ఇచ్చిన సంస్థ, వీరిని మర్యాదగా అడిగితే చాలామంది ఇస్తారు. అలా వచ్చిన అయిదారు లింకులు కొన్న వెయ్యికన్నా మేలు.

ప్రశ్న: పేజీ కోడులో కీవర్డ్సు అనే చోట ఎన్ని మాటలు పెట్టాలి? ప్రకటనలు ఇస్తే మామూలు ఫలితాల్లో కూడా పైకి వస్తామా?

జవాబు: ఆ కీవర్డ్సు గడిని ర్యాంకుకు వాడటం లేదని గూగుల్ 2009లోనే ప్రకటించింది, ఖాళీగా వదిలేయండి. ఇక ప్రకటన, డబ్బు కట్టినంతకాలం ప్రకటన స్థానంలో కనబడుతుంది. మామూలు ఫలితాల వరుసను అది మార్చదు.

ప్రశ్న: నా కంప్యూటరులో సైటు చక్కగా, వేగంగా తెరుచుకుంటోంది. ఫోనులో కొంత ఇబ్బందిగా ఉన్నా పెద్ద తేడా ఉండదనుకుంటున్నాను.

జవాబు: తేడా ఉంటుంది. గూగుల్ 2016లో ప్రకటించి 2023లో పూర్తి చేసిన మార్పు ప్రకారం, సూచికలో చేర్చడానికి ఫోనులో కనబడే రూపాన్నే చదువుతుంది. కంప్యూటరులో ఉండి ఫోనులో లేని పాఠ్యం దాని దృష్టిలో లేనట్టే. వేగం విషయంలో, తెర మీది ప్రధానమైన భాగం 2.5 సెకన్లలోపు కనబడితే మంచిదని దాని కొలమానం. చిన్న సైట్లు నెమ్మదించడానికి కారణం సాధారణంగా కెమెరాలోంచి తీసినవి తీసినట్టే ఎక్కించిన భారీ ఫొటోలు. వాటిని తెరకు తగిన కొలతకు కుదిస్తే సగం పని అయినట్టే. పేజ్‌స్పీడ్ ఇన్‌సైట్స్ అనే ఉచిత పరీక్షలో నూటికి నూరు రావాలని మాత్రం పంతం పట్టకండి. విషయం లేని పేజీని వేగం ఒక్కటే నిలబెట్టదు.

ప్రశ్న: కృత్రిమ మేధతో రోజుకు పది వ్యాసాలు రాయించి సైటులో పెడితే త్వరగా పైకి వస్తామని ఒక మిత్రుడు చెప్పాడు.

జవాబు: ర్యాంకుల కోసమే కుప్పలుగా పేజీలు తయారు చేయడాన్ని గూగుల్ 2024 మార్చిలో తన నిషేధాల్లో స్పష్టంగా చేర్చింది. అవి యంత్రం రాసినవా, మనిషి రాసినవా అన్నది అక్కడ ప్రధానం కాదు. మీ పనిలో మీకు మాత్రమే తెలిసినది ఏదో ఒకటి ప్రతి పేజీలో ఉందా అని చూసుకోండి. చిత్తుప్రతికి యంత్రం సాయం తీసుకోవచ్చు, కాని ఆ ఒక్కటి అది రాయలేదు. నెలకు ఒక పేజీ రాసినా చాలు.

ప్రశ్న: సంస్థ పేరు మార్చుకుంటున్నాం, సైటు చిరునామా కూడా మారుతుంది. ఇన్నేళ్లుగా సంపాదించిన స్థానం పోతుందా?

జవాబు: పద్ధతిగా మారిస్తే చాలావరకు నిలుస్తుంది. పాత సైటులోని ప్రతి పేజీ నుంచి కొత్త సైటులో దానికి సరిపోయే పేజీకి శాశ్వత మళ్లింపు పెట్టించండి. దాన్ని 301 అంటారు. అన్నింటినీ కొత్త మొదటి పేజీకే మళ్లించడం చాలామంది చేసే పొరపాటు. సెర్చ్ కన్సోల్‌లో చిరునామా మార్పు తెలియజేసే సదుపాయాన్ని వాడండి. మీకు లింకు ఇచ్చినవారిని కొత్త చిరునామా పెట్టమని కోరండి. మళ్లింపులను కనీసం ఒక ఏడాది ఉంచాలని గూగుల్ సలహా, వీలైనంతకాలం ఉంచాలని నా సలహా. పాత డొమైన్ గడువు తీరకుండా ఏటా రుసుము కడుతూ ఉండండి. దాన్ని వదిలేస్తే మరొకరు కొనుక్కుని, మీ పాత లింకుల మీదుగా వచ్చే ఖాతాదారులకు తమకు తోచినది చూపించవచ్చు.