నవల అచ్చుకి గాజులు తాకట్టు పెట్టాలా?

టీచర్ గారూ, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మిగతావాళ్లకి అర్థమవ్వాలి కాబట్టి ముందు సంగతి క్లుప్తంగా చెప్తాను. మీరు బాపట్ల దగ్గర ఒక ప్రైవేటు స్కూల్లో తెలుగు చెప్తారు. ఆరేళ్ల పాటు రాత్రిళ్లు కూర్చుని, మిషన్ ఆసుపత్రిలో పనిచేసిన ఒక నర్సు జీవితం మీద, ఆమె విశ్వాసం మీద నవల రాశారు. ఒక ప్రచురణ సంస్థ 1,85,000 రూపాయలు కడితే వెయ్యి కాపీలు వేసి, దేశమంతా అమ్మిపెడతామంది. పాప బీటెక్ ఫీజు కోసం బ్యాంకులో నెలనెలా కడుతున్న ఆర్‌డీ రద్దు చేస్తే 85 వేలు, గాజులు తాకట్టు పెడితే లక్ష వస్తుంది, పెట్టేయనా అని అడిగారు. దేవుడు రాయించినదానికి లెక్కలు చూసుకోవడం అవిశ్వాసమేమో అని కూడా బాధపడ్డారు.

కాదండీ. గోపురం కట్టాలనుకున్నవాడు ముందు కూర్చుని తగులుబడి లెక్క చూసుకోడా అని లూకా 14లో యేసే అడిగాడు, మీ సండే స్కూల్ పిల్లలకి మీరే చెప్పి ఉంటారు. మనమూ కూర్చుని చూద్దాం.

1,85,000కి వెయ్యి కాపీలంటే ఒక్కో కాపీ మీకు 185 పడుతోంది. వెల 250 పెడతామన్నారు, అందులో షాపులకి 40 శాతం పోతుందని వాళ్ల కాగితంలోనే ఉంది, అంటే మీ చేతికి వచ్చేది 150. వెయ్యికి వెయ్యీ షాపుల్లో అమ్ముడుపోయినా లక్షన్నరే, ఇంకా 35 వేలు నష్టం. పైన తాకట్టు వడ్డీ, మీరు రాసిన 12 శాతం చొప్పున లక్షకి ఏడాదికి 12 వేలు. ఒక్క కాపీ కూడా మిగలకపోతేనే ఇంత నష్టమైతే, మిగిలితే ఏమిటో ఆలోచించండి. నిజమైన ప్రచురణకర్త రచయితకి డబ్బిస్తాడు, రచయిత దగ్గర తీసుకోడు. తీసుకుంటున్నాడంటే అది అచ్చువేసే పని, దాన్ని అచ్చు రేటుకే బేరం చేయాలి.

నా దగ్గరికి వచ్చే ఒక పెద్దాయన ఇలాగే సొంత డబ్బుతో ఆత్మకథ వేయించుకున్నారు. వాళ్లింటికి వెళ్తే మంచం కింద ఆరు కట్టలు చూపించారు, పురికొసలు కూడా విప్పలేదు, గోడవైపు కట్టకి చెద పట్టింది. భార్య గొలుసు ఇంకా బ్యాంకులోనే ఉందని గొంతు తగ్గించి చెప్పారు. మీ ఉత్తరం చదువుతుంటే నాకు ఆ గదే కళ్లముందు మెదిలింది.

మీరు ఉత్తరం చివర్లో ఏదో మామూలు విషయంలా రాసిన ఒక సంగతి నాకు చాలా నచ్చింది. విజయవాడలో ఒక ప్రెస్సువాళ్లు 300 కాపీలకి 36 వేలు చెప్పారన్నారు. దానికి డీటీపీ (కంప్యూటర్లో అక్షరాలు కూర్చడం), ప్రూఫులు 12 వేలు, ముఖచిత్రం 5 వేలు కలిపితే 53 వేలు. చేతి మీద 250కి అమ్మితే 212 కాపీలకి పెట్టుబడి తిరిగొస్తుంది. ఒక్కటీ అమ్ముడుపోకపోయినా పోయేది 53 వేలే, పాప ఫీజు జోలికి వెళ్లక్కర్లేదు, గాజులు చేతికే ఉంటాయి.

ఆ 53 వేలు ఎక్కడిదంటే, ట్యూషన్ల మీద నెలకి 5 వేలు వస్తాయన్నారు కదా, ఆ డబ్బు వేరే ఖాతాలో వేయండి. మార్చిలో మొదలుపెడితే అక్టోబరు చివరికి 40 వేలు. మిగతా 13 వేలకి 52 మంది ముందుగా డబ్బిచ్చి పేరు రాయించుకుంటే చాలు, మీ చర్చి సంఘంలో, స్త్రీల సమాజంలో, పాత విద్యార్థుల్లో అంతమంది దొరకరంటే నేను నమ్మను. నోటుబుక్కులో పేరు, తేదీ, డబ్బు రాసి రసీదు ఇవ్వండి, తెలిసినవాళ్లే కదా అని వదిలేయొద్దు. నవంబరులో పుస్తకం చేతికొస్తే క్రిస్మస్ కానుకగా కొనేవాళ్లు ఉంటారు, ఫిబ్రవరి 9 నుంచి 11 దాకా విజయవాడలో గుణదల మేరీమాత ఉత్సవాలకి లక్షల మంది వస్తారు, అక్కడ ఎవరి స్టాల్లోనైనా పాతిక కాపీలు పెట్టించుకోవచ్చు. ఈ ఎనిమిది నెలల్లో రాతప్రతిని, మీకు మొహమాటపడకుండా తప్పులు చెప్పే ఇద్దరి చేత చదివించండి. నవలల పోటీలకి పంపే ఆలోచన ఉంటే అచ్చుకి ముందే పంపాలి, అచ్చయినవి వాళ్లు మామూలుగా తీసుకోరు.

దశమభాగం, అంటే సంపాదనలో దేవుడికిచ్చే పదో వంతు, దీనికి వాడొచ్చా అన్నారు. అది మీరూ మీ చర్చి అయ్యగారూ మాట్లాడుకోవాల్సిన విషయం. నన్నడిగితే మాత్రం వద్దంటాను. మీ పేరు మీద అమ్ముకునే పుస్తకం, రేపు డబ్బు మిగిలితే అది ఎవరిదన్న ప్రశ్న వస్తుంది, సంఘంలో మాట పడటం ఎందుకు?

ఇంకొన్ని చిన్న విషయాలు. ఆ సంస్థ ప్యాకేజీలో ఐఎస్‌బీఎన్‌కి (పుస్తకానికిచ్చే గుర్తింపు సంఖ్య) 6 వేలు వేశారు, మన దేశంలో అది ఉచితం, ఢిల్లీలోని రాజా రామ్మోహన్ రాయ్ ఏజెన్సీకి ఆన్‌లైన్‌లో మీరే దరఖాస్తు పెట్టుకోవచ్చు. సొంతంగా వేస్తే ప్రచురణకర్త మీరే కాబట్టి 1954 చట్టం ప్రకారం కోల్‌కతా జాతీయ గ్రంథాలయంతో సహా నాలుగు లైబ్రరీలకి కాపీలు పంపాలి, 300లో ఆ నాలుగూ ముందే పక్కన పెట్టండి. అన్నిటికన్నా నన్ను భయపెట్టింది వాళ్ల ఒప్పందంలో తొమ్మిదో షరతు, పదేళ్లపాటు సర్వహక్కులూ సంస్థవే అని! కాపీరైట్ మీరు రాసిన క్షణం నుంచి మీదే, డబ్బు కట్టి మరీ దాన్ని ఇంకొకరికి ఎలా రాసిస్తారండీ?

ఆర్‌డీ రద్దు ఫారం నింపి బ్యాగులో పెట్టుకున్నానన్నారు. దయచేసి చించేయండి. విజయవాడ ప్రెస్సువాళ్లని కాగితం ఎన్ని జీఎస్ఎం (చదరపు మీటరుకి ఎన్ని గ్రాముల బరువు), కుట్టు బైండింగా జిగురు బైండింగా అని రాతపూర్వకంగా అడగండి. ఆ కొటేషన్ రాగానే నాకు పంపండి, సంతకం పెట్టేముందు ఇద్దరం కలిసి చూద్దాం.