చేపలు పోయాయి, ఇప్పుడు ఈఎంఐ పెట్టనా?

ప్రశ్న: నా వయసు 34. చెన్నై వేలచ్చేరిలో అద్దె ఇంట్లో ఉంటున్నాం. ఐటీ ఉద్యోగం, చేతికి నెలకు 92,000 వస్తుంది. మా ఆవిడ ఇంట్లోనే ఉంటుంది, పాపకి నాలుగేళ్ళు. అద్దె 23,000, ఇంటి ఖర్చు 30,000, పాప స్కూలుకు 7,000, ఊళ్ళో అమ్మానాన్నలకు 10,000, సిప్ 5,000. రెండేళ్ళ క్రితం ముచ్చటపడి 300 లీటర్ల ఉప్పునీటి అక్వేరియం పెట్టాను. దానికి నెలకు 9,000 దాకా అవుతోంది, ఇప్పటివరకు మొత్తం 2.6 లక్షలు అయ్యాయి. పోయిన నెల ఒక పౌడర్ బ్లూ టాంగ్ చేపను తెచ్చి నేరుగా ట్యాంకులో వదిలాను. వారం తిరక్కుండానే చేపల ఒంటి మీద తెల్లచుక్కలు వచ్చాయి. తొమ్మిదింట్లో ఏడు చనిపోయాయి, రెండు క్లౌన్ చేపలు మిగిలాయి. రొయ్యలు, నత్తలు బాగానే ఉన్నాయి. షాపాయన యూవీ స్టెరిలైజర్, మందు, కొత్త చేపలు, కొన్ని కోరల్స్ (పగడపు జీవులు) కలిపి 85,000కి ఇస్తానంటున్నాడు. పన్నెండు నెలల నో కాస్ట్ ఈఎంఐ. క్రెడిట్ కార్డు మీద ఇప్పటికే 48,000 బాకీ ఉంది, మినిమమ్ డ్యూ 3,000 దాకా కడుతున్నాను. 50,000 చొప్పున మూడు ఎఫ్‌డీలు ఉన్నాయి, వేరే పొదుపేమీ లేదు. బీమా అంటే కంపెనీ ఇచ్చేదే. ఈఎంఐ పెట్టనా, ఎఫ్‌డీ తీయనా? మా ఆవిడ మొత్తం అమ్మేయమని గొడవ.
— ఒక పాఠకుడు, చెన్నై

జవాబు: ఎఫ్‌డీ ఒకటి తీయండి, కానీ చేపల కోసం కాదు. ఈఎంఐ మాత్రం అసలు వద్దు. ఇది పొదుపు పాఠం అనుకోకండి. ఇప్పుడు ఆ 85,000 పెట్టినా మీ ట్యాంకు బాగుపడదు, అదీ నా అభ్యంతరం.

చేపల వైద్యం నా వృత్తి కాదు. అయితే మీ డబ్బు నిర్ణయం మొత్తం ఆ జబ్బు నడిచే తీరు మీదే ఆధారపడి ఉంది కాబట్టి ముందు దాని గురించే మాట్లాడాలి. మీరు చెప్పిన లక్షణాలను బట్టి అది మెరైన్ ఇక్, అంటే ఉప్పునీటి చేపలకొచ్చే తెల్లచుక్కల జబ్బు లాగే ఉంది. కారణం క్రిప్టోకారియాన్ ఇరిటాన్స్ అనే పరాన్నజీవి. చేప చర్మంలో మూడు నుంచి ఏడు రోజులు తిని బలుస్తుంది, తర్వాత రాలిపోయి ఇసుకకో రాయికో అద్దానికో అంటుకుని తిత్తి కట్టుకుంటుంది. ఆ తిత్తి పగిలితే వందల కొద్దీ పిల్లలు బయటికొచ్చి చేపల కోసం ఈదుతాయి. ఒకటి రెండు రోజుల్లో చేప దొరక్కపోతే అవి చచ్చిపోతాయి. తిత్తులన్నీ ఒకేసారి పగలవు, కొన్ని వారాల తరబడి అలాగే ఉంటాయి. అందుకే ఈ హాబీలో ఉన్నవాళ్ళు ఎక్కువమంది పాటించే లెక్క, ట్యాంకులో ఒక్క చేప కూడా లేకుండా 76 రోజులు వదిలేయడం. రొయ్యలకూ నత్తలకూ ఈ జబ్బు రాదు, కాబట్టి అవి అక్కడే ఉండొచ్చు.

ఇప్పుడు షాపాయన ప్యాకేజీని దీని పక్కన పెట్టి చూడండి. యూవీ స్టెరిలైజర్ తన గుండా పారే నీళ్ళలో ఈదుతున్న పిల్లల్ని మాత్రమే చంపగలదు. చేప చర్మంలో ఉన్నదాన్నీ, ఇసుకలో ఉన్న తిత్తినీ అది తాకదు. జబ్బు తీవ్రత తగ్గించొచ్చు, నయం చేయదు. మందు అంటే చాలావరకు రాగి మందే అయి ఉంటుంది. దాన్ని పెద్ద ట్యాంకులో పోస్తే మీ రొయ్యలు, నత్తలు పోతాయి, రాళ్ళూ ఇసుకా ఆ రాగిని పీల్చుకుంటాయి. ఇక కొత్త చేపలు. తిత్తులు పగలడానికి సిద్ధంగా ఉన్న ట్యాంకులో ఇప్పుడు కొత్త చేపల్ని వదలడమంటే ఆ పరాన్నజీవికి మీ డబ్బుతో భోజనం పెట్టడమే. పైగా నెల తర్వాత ఆ చేపలు పోయినా ఈఎంఐ ఇంకా పదకొండు మిగిలే ఉంటుంది.

కోరల్స్ సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. గట్టి కోరల్స్ 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో షెడ్యూల్ 1 కింద ఉన్నాయి, అంటే పులితో సమానమైన రక్షణ. సముద్రపు గుర్రాలదీ అంతే. షాపులో అద్దం వెనక పెట్టి అమ్ముతున్నారని అది చట్టబద్ధం అయిపోదు. బిల్లు మీద ఏం రాసిస్తారో ఒకసారి అడిగి చూడండి, మీకే అర్థమవుతుంది.

డబ్బు దగ్గరికి వద్దాం. మీ ఇంట్లో అసలు చిల్లు కార్డు బాకీ. 48,000 మీద నెలకు 3.5 శాతం అనుకుంటే వడ్డీ 1,680, దాని మీద 18 శాతం జీఎస్టీ 302. మీరు కడుతున్న 3,000లో దాదాపు 2,000 అలా పోతోంది, అసలు తగ్గేది వెయ్యి. అదే 48,000 ఎఫ్‌డీలో 7 శాతానికి ఉంటే నెలకు వచ్చేది 280. ఒక చేత్తో 280 తీసుకుంటూ ఇంకో చేత్తో 1,980 ఇస్తున్నారన్నమాట. ఒక ఎఫ్‌డీ తీసి ఈ వారమే కార్డు మొత్తం కట్టేయండి. ముందుగా తీసినందుకు బ్యాంకు అర శాతమో ఒక శాతమో వడ్డీ కోస్తుంది, దాని గురించి బాధపడక్కర్లేదు. మూడింట్లో ఇటీవల వేసినదాన్ని, తక్కువ వడ్డీ వస్తున్నదాన్ని ఎంచుకోండి. కట్టేశాక వచ్చే నెల స్టేట్‌మెంట్‌లో కొన్ని వందల వడ్డీ మళ్ళీ కనిపిస్తుంది. కంగారు పడకండి, స్టేట్‌మెంట్ తేదీ నుంచి మీరు కట్టిన రోజు దాకా పడిన వడ్డీ అది. అదీ కట్టేస్తేనే ఖాతా నిజంగా సున్నా అవుతుంది.

నో కాస్ట్ ఈఎంఐ గురించి ఒక్క మాట. 85,000ని 12తో భాగిస్తే నెలకు 7,083. మీ లెక్క ప్రకారం అన్నీ పోగా మీ చేతిలో మిగిలేది 8,000, అందులోంచే కార్డుకి 3,000 వెళ్తోంది. అంటే కిస్తీ మొదలైన నెలే మీకు రెండు వేలు తక్కువ. పైన ప్రాసెసింగ్ ఫీజు, వడ్డీ భాగం మీద జీఎస్టీ ఎలాగూ ఉంటాయి. నగదు ఇస్తే ఎంత తగ్గిస్తావని అదే షాపులో అడగండి. ఆ తగ్గింపే మీరు కట్టబోయే వడ్డీ.

మిగిలిన ఐదు వేలు ఎటు పోతున్నాయో మీరు రాయలేదు. కొళత్తూరు చేపల షాపుల్లో పోతున్నాయని నా అనుమానం. ఆదివారం పూట ఊరికే చూసొద్దామని వెళ్ళి ఖాళీ చేతులతో తిరిగొచ్చినవాళ్ళని నేను చూడలేదు.

మరి ట్యాంకు? నేనైతే ఇలా చేస్తాను. ఒక చిన్న క్వారంటైన్ ట్యాంకు, అరవై డెబ్భై లీటర్లది, స్పాంజ్ ఫిల్టర్, చేపలు దాక్కోవడానికి రెండు పీవీసీ పైపు ముక్కలు, రాగి మందు, ఆ మందుకు సరిపోయే టెస్ట్ కిట్, అమ్మోనియా కిట్. ఇసుక, రాళ్ళు వద్దు. ఇదంతా పది వేలు దాటనివ్వకండి, పాత అద్దం ట్యాంకు అయినా చాలు. క్లౌన్ చేపలు రెండూ ఆ 76 రోజులూ అందులోనే ఉంటాయి. రాగి మోతాదు సీసా మీద రాసినట్టే, రోజూ కొలిచి, నెల రోజులు. మోతాదు తగ్గితే జబ్బు పోదు, పెరిగితే చేప పోతుంది. అందుకే టెస్ట్ కిట్ దగ్గర పిసినారితనం వద్దు. బకెట్, వల రెండు ట్యాంకులకూ వేర్వేరుగా ఉండాలి. తడి వలతో కూడా జబ్బు పెద్ద ట్యాంకులోకి తిరిగి వెళ్తుంది.

పెద్ద ట్యాంకులో పంపు, ఫిల్టర్ నడుస్తూనే ఉండాలి, రొయ్యలకు చిటికెడు మేత పడాలి. కానీ చేపల మేత, కొత్త చేపలు, తరచూ నీళ్ళు మార్చే ఉప్పు ఖర్చు తగ్గుతాయి. నీళ్ళను చల్లబరిచే చిల్లర్‌ను కూడా 25 దగ్గర కాకుండా 27 డిగ్రీల దగ్గర పెట్టుకోవచ్చు. తమిళనాడులో కరెంటు బిల్లు రెండు నెలలకొకసారి కాబట్టి ఈ ఖర్చు చాలామందికి కనిపించదు. 250 వాట్ల చిల్లర్ రోజుకు పది గంటలు తిరిగితే రెండు నెలలకు 150 యూనిట్లు. వాడకం పెరిగేకొద్దీ శ్లాబ్ రేటూ పెరుగుతుంది కాబట్టి ఆ 150 యూనిట్లూ మీ బిల్లులో ఖరీదైన చివరి యూనిట్లే. మీ 9,000 లెక్కలో ఇది ఉందా?

ఈ 76 రోజుల్లో అక్వేరియం ఖర్చు ఐదు వేలకు దిగితే నాలుగు వేలు, కార్డుకి కట్టే మూడు వేలు, లెక్క తెలియని ఐదు వేలు కలిపి నెలకు 12,000 మిగలాలి. రెండున్నర నెలలకు 30,000. క్వారంటైన్ ట్యాంకు ఖర్చు పోగా 20,000. అది మళ్ళీ కొళత్తూరు వెళ్ళకూడదు.

ఎందుకంటే మీరు అడగని విషయం ఒకటుంది. ఇల్లంతా మీ ఒక్క జీతం మీద నడుస్తోంది, నాలుగేళ్ళ పాప, ఊళ్ళో పెద్దవాళ్ళు. బీమా మాత్రం కంపెనీది. ఉద్యోగం మారిన రోజు అది ఉండదు. కనీసం కోటి రూపాయల టర్మ్ పాలసీ, సొంతంగా ఒక ఆరోగ్య బీమా తీసుకోండి. 2025 సెప్టెంబర్ 22 నుంచి ఇలాంటి వ్యక్తిగత పాలసీల ప్రీమియం మీద జీఎస్టీ కూడా లేదు. ఆ 20,000 మొదట వెళ్ళాల్సింది ఇక్కడికి. తర్వాత నెలనెలా మిగిలేది అత్యవసర నిధికి. ఇప్పుడు మీకు మిగిలే లక్ష రూపాయల ఎఫ్‌డీలు నెలన్నర ఖర్చుకు కూడా చాలవు, ఆరు నెలలకు చేరాలి. సిప్ ఆపకండి, పెంచకండి.

మీ ఆవిడ మాట తోసిపుచ్చను. కానీ ఈ నెల అమ్మడం మంచి బేరం కాదు. ఆ 2.6 లక్షల్లో చాలా భాగం ఉప్పు, కరెంటు, చనిపోయిన చేపల రూపంలో పోయింది, అది ఎవరికి అమ్మినా రాదు. మిగిలేది అద్దం, పంపులు, చిల్లర్, లైట్లు. వాటినైనా జబ్బు ఉన్న ట్యాంకువి అని చెప్పి అమ్మాలి కదా. 76 రోజులు పూర్తయ్యాక, నెలకు కరెంటుతో కలిపి 5,000 పరిమితి ఇద్దరూ కూర్చుని ఒప్పుకుంటే ఉంచుకోండి. ఒప్పుకోలేకపోతే అప్పుడు అమ్మండి, ధరా కాస్త మెరుగ్గా వస్తుంది.

ఉంచుకుంటే మాత్రం మళ్ళీ పౌడర్ బ్లూ టాంగ్ జోలికి వెళ్ళొద్దు. అది హిందూ మహాసముద్రంలో పట్టి తెచ్చే చేప, ఇక్ తొందరగా అంటుకునేవాటిలో దాని పేరు ముందుంటుంది, 300 లీటర్లు దానికి చాలవు కూడా. క్లౌన్ చేపల్ని మన దేశంలోనే పిల్లలు తీయించి పెంచుతున్నారు. రామనాథపురం జిల్లా మండపంలో ఉన్న కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ కేంద్రం ఈ పని చేసింది. పెంచిన చేప కావాలని షాపులో అడిగి తీసుకోండి. ఒకసారికి ఒకటి రెండు మాత్రమే, నెల రోజులు చిన్న ట్యాంకులో ఉంచాకే పెద్దదాంట్లోకి. ఏ నెలైనా 5,000 ఖర్చు కాకపోతే మిగిలింది వేరే సేవింగ్స్ ఖాతాలో వేసుకోండి. రేపు చిల్లర్ చెడిపోయినా కార్డు బయటికి తీయకుండా ఆ డబ్బుతోనే బాగు చేయించుకోవచ్చు.